నీలం కుర్చీల కొట్టు నుంచి మాత్రమే

పొలిక్రోనిస్ బాబాయ్‌కి ఒక జబ్బు ఉంది. కంప్యూటర్ మీద ఏ అక్షరం నొక్కినా దాన్ని పైకి అనకుండా నొక్కలేడు. పట్నంలో నేను పెద్దవాళ్ళకి సాయంత్రం క్లాసులు చెప్పే రోజుల్లో ఆయన నా విద్యార్థి. చూపుడువేలు గాల్లో చక్కర్లు కొట్టి కొట్టి ఒక మీట మీద వాలేది. వాలగానే ఆ అక్షరం పేరు గది మొత్తానికి వినబడేది. "మనసులో అనుకోండి బాబాయ్" అని ఎన్నిసార్లు చెప్పానో. నోరు మూసుకుంటే వేలికి దారి తెలియడం లేదనేవాడు. చివరికి నేనే విసుగొచ్చి వదిలేశాను. పనైతే జరుగుతోంది కదా, నోరు ఎలా పోతే నాకేం అనుకున్నాను.

ఆ తర్వాత ఆయన కొండ మీది మా ఇద్దరి ఊరు కరిదోహోరికి గ్రామ సంఘం కార్యదర్శి అయ్యాడు. సంఘం వెబ్‌సైట్ కూడా ఆయన చేతికే వచ్చింది. పండగలు, పెళ్ళిళ్ళు, నీళ్ళు రాని రోజులు, చావు కబుర్లు అన్నీ అందులో పెడతాడు. ఊళ్ళో ఉండేది వంద గడప. ఆ వెబ్‌సైట్ చూసేవాళ్ళు మాత్రం ఏథెన్స్ నుంచి మెల్‌బోర్న్ దాకా ఉన్నారు.

ఆగస్టు చివర ఒక శనివారం పొద్దున నేను పట్నంలో నా కంప్యూటర్ రిపేరు దుకాణం తాళం తీస్తుంటే ఆయన ఫోన్.

"తల్లీ ఎవ్‌దొకియా, వెబ్‌సైట్ నన్ను లోపలికి రానివ్వట్లేదే."

"ఏమంటోంది?"

"నీకు అనుమతి లేదు పొమ్మంటోంది. ఎవరికి? నాకు! తొమ్మిదేళ్ళుగా దాన్ని సాకుతున్నది ఎవరు? నేను!"

"ఏం నొక్కారు?"

"ఏమీ నొక్కలేదు."

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళుగా చెడిపోయిన కంప్యూటర్లతోనే బతుకుతున్నాను. ఏదో ఒకటి నొక్కానని ఒప్పుకున్న మనిషి ఒక్కడూ నా గుమ్మం ఎక్కలేదు. అన్నీ వాటంతట అవే చెడిపోతాయట.

"బాబాయ్, నిజం చెప్పకపోతే ఫోన్ పెట్టేస్తాను."

"నేను నొక్కలేదమ్మా, ఒట్టు. మీ పిన్ని నొక్కింది. ముందు నువ్వు మన సైట్ తెరిచి చూడు. చూసి నవ్వావంటే మాత్రం ఊరుకోను."

తెరిచాను. మొదటి పేజీలోనే నల్ల అంచు కట్టిన పెద్ద ఫోటో. కూడలిలో నీలం కుర్చీల కాఫీ కొట్టు నడిపే థ్రాసోస్ మామయ్య. చేతిలో పళ్ళెం, చెవి వెనక సిగరెట్టు, పళ్ళన్నీ బయటపెట్టిన నవ్వు. ఫోటో కింద రాత: మన గ్రామస్థుడు థ్రాసివులోస్ బేజాస్ పరమపదించారని తెలియజేయడానికి చింతిస్తున్నాము. ఆదివారం ఉదయం చర్చిలో ప్రార్థన. అనంతరం కాఫీ.

ఆయన చేతి కాఫీ చిన్నప్పటి నుంచీ తాగినదాన్ని.

"అయ్యయ్యో! ఎప్పుడు పోయారు బాబాయ్?"

"పోలేదమ్మా. ఎదురుగా కప్పులు కడుక్కుంటున్నాడు. మా కిటికీలోంచి కనబడుతూనే ఉన్నాడు."

నవ్వొద్దన్నాడు కాబట్టి ఫోన్ చెవికి దూరంగా పెట్టుకుని నవ్వాను.

జరిగింది ఇది. పోయింది మెల్‌బోర్న్ థ్రాసివులోస్. కాఫీ కొట్టు థ్రాసోస్‌కి సొంత పెదనాన్న కొడుకు. థ్రాసోస్ అసలు పేరు కూడా థ్రాసివులోసే. మా వైపు ఒక్కో కొడుకూ తన మొదటి మగబిడ్డకి తాత పేరు పెట్టకపోతే ఆ తాత బతికుండగానే మంచం పడతాడు. ముసలి బేజాస్‌కి కొడుకులు నలుగురు. అందుకని నాలుగిళ్ళలో నలుగురు థ్రాసివులోస్ బేజాస్‌లు పుట్టారు. ఇంటిపేరూ అదే, ఒంటిపేరూ అదే. మెల్‌బోర్న్ నుంచి కబురు రాగానే బాబాయ్ పద్ధతిగా నాలుగు ముక్కలు రాసి, ఫోటో కోసం సైట్‌లో ఆ పేరు వెతికాడు. ఒకే ఒక్క ఫోటో దొరికింది. కళ్ళజోడు రిపేరుకి ఇచ్చి ఉన్నాడు. గోరంత బొమ్మలో ఎవరున్నారో చూడకుండా మీట నొక్కి, పనైపోయిందని కాఫీకి వెళ్ళాడు. ఆకుపచ్చ కుర్చీల కొట్టుకి.

ఇక్కడే ఉంది చిక్కు. కరిదోహోరి కూడలికి ఈ పక్కన ఆకుపచ్చ కుర్చీలు, ఆ పక్కన నీలం కుర్చీలు. ఒకప్పుడు అవి రెండు పార్టీల రంగులు. ఆ నాయకులు పోయారు, పార్టీలు కూడా గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. కుర్చీలు మాత్రం ఏటా ఈస్టర్ ముందు అదే రంగు కొత్తగా వేయించుకుంటున్నాయి. ఇక్కడ కూర్చునేవాడు అక్కడ కూర్చోడు. బాబాయ్ పుట్టుకతో నీలం కుర్చీవాడే. పైగా ఆ కొట్టు యజమాని ఆయనకి స్వయానా బావ, భార్య అంథూలా పిన్నికి తోడబుట్టిన అన్న. కానీ పద్దెనిమిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఇద్దరూ పాచికలాట ఆడుతుంటే, బోర్డు మీద పాచికలు పడ్డాక బాబాయ్ ఒక పాచికని చిటికెనవేలితో కదిపాడని థ్రాసోస్ మామయ్య అందరి ముందూ అన్నాడు. బాబాయ్ లేచి, కూడలి దాటి, ఆకుపచ్చ కుర్చీలో కూర్చున్నాడు. అంతే, మళ్ళీ ఇటు రాలేదు. ఎదురుపడితే ఒకరు ఆకాశం చూస్తారు, ఇంకొకరు బూట్లు చూసుకుంటారు.

అలాంటి మనిషి, అలాంటి బావ ఫోటోకి నల్ల అంచు కట్టి లోకమంతా చాటాడు. పొరపాటంటే ఎవరు నమ్ముతారు? నాకు ఆయన సంగతి తెలుసు కాబట్టి నేను నమ్మాను. ఊరు నమ్మలేదు. అన్నిటికన్నా ముఖ్యం, పిన్ని నమ్మలేదు.

"ఏథెన్స్ నుంచి ఎవరో ఫోన్ చేసి, మీ అన్నయ్య ఎలా పోయాడమ్మా అని అడిగారంట" అన్నాడు బాబాయ్. ఆయన గొంతు తగ్గింది. "పొయ్యి మీద పాలు వదిలేసి చెప్పుల్లేకుండా కూడలిలో పరిగెత్తింది. వాడు కప్పులు కడుగుతుంటే వెనకనుంచి కావలించుకుని ఏడ్చిందంట. ఆ తర్వాత బతికున్నందుకు నాలుగు బాదిందంట. ఇంటికొచ్చి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తనే ఆ ఫోటో దించేస్తానని కంప్యూటర్ ముందు కూర్చుంది."

"పాస్‌వర్డ్ తెలుసా పిన్నికి?"

"తెలీదు కదా! తన పేరు కొట్టిందంట, రాలేదు. పెళ్ళిరోజు కొట్టిందంట, రాలేదు. మా అమ్మాయి పేరు, మనవడి పేరు, పోయిన కుక్క పేరు కూడా కొట్టిందంట. నేను వచ్చేసరికి ఎర్రగా ఆ అనుమతి లేదనే పేజీ. దాని ముందు మీ పిన్ని, అంతకన్నా ఎర్రగా. 'నా పేరు కాదు, నీ కూతురి పేరు కాదు, మరి ఎవరి పేరు పెట్టుకున్నావయ్యా?' అంది."

"ఏం చెప్పారు?"

"ఏం చెప్పలేదు."

"చెప్తే పోయేదిగా!"

"పోయేది కాదులే" అన్నాడు. "తలగుడ్డ కట్టుకుని అన్న దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ ఫోటో దిగేదాకా, ఆ పేరేంటో తెలిసేదాకా నా గడప తొక్కదంట. నలభై ఆరేళ్ళ కాపురం తల్లీ. అలిగి ఒక్క రోజు కూడా బయట పడుకోలేదు. రేపు పొద్దున ఏథెన్స్ నుంచి బస్సు కట్టుకుని వస్తున్నారంట. వాళ్ళు దిగేలోపు దీన్ని దించకపోతే నేను ఊళ్ళో తలెత్తుకోలేను, మీ పిన్ని ఇంటికి రాదు."

ఇక నవ్వు రాలేదు నాకు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

నా దుకాణం నుంచి సైట్ వెనకగదిలోకి, అంటే రాతలు పెట్టి తీసే చోటులోకి వెళ్ళబోయాను. నాకూ అదే ఎర్ర పేజీ. సంగతి అర్థమైంది. ఆ సైట్‌కి కాపలాగా ఒక ప్రోగ్రాం కూర్చుని ఉంది. ఎవరైనా వరసపెట్టి తప్పు పాస్‌వర్డ్‌లు కొడితే దొంగలు పడ్డారనుకుని తలుపులన్నీ బిగించేస్తుంది. పిన్నిని దొంగల ముఠా అనుకుంది పాపం. ఇక రెండు రోజుల పాటు కార్యదర్శీ లేదు, నేనూ లేదు. నమ్మకమైన చోటు అని ముందే రాసిపెట్టిన ఇంటర్నెట్ లైను ఒకటి ఉంటుంది, దాని మీద నుంచి వచ్చినవాళ్ళని మాత్రమే రానిస్తుంది.

కాపలావాడిని అవతల నుంచి నిద్రపుచ్చే మార్గాలు నాకు తెలుసు. కానీ దానికి సైట్‌ని అద్దెకి ఉంచుకున్న కంపెనీ తాళం కావాలి. ఆ తాళం సైట్ కట్టిన స్టాథిస్ పేరు మీద ఉంది. స్టాథిస్ కరిదోహోరి కుర్రాడే, ఇప్పుడు సరుకు ఓడలో కరెంటు పని చేస్తూ ఎక్కడో సముద్రం మీద ఉన్నాడు. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది, యజమాని స్వయంగా అడిగితే తప్ప కుదరదని, అదీ సోమవారమని.

"బతికున్న మనిషిని చంపేశారమ్మా మా వాళ్ళు, కాస్త చూడు" అన్నాను.

"అయితే పోలీసులకి చెప్పాలండీ" అంది.

ఫోన్ పెట్టేసి స్టాథిస్‌కి మెసేజ్ పంపాను. ఓడ ఏ రేవులో ఉందో ఏమో, మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. "అక్కా, అప్పట్లో ఊళ్ళో ఇంటర్నెట్ థ్రాసోస్ మామయ్య కొట్లోనే ఉండేది. అక్కడ కూర్చునే అంతా కట్టాను. నమ్మకమైన చోటు అదే. మామయ్య ఇంకా ఆ పాత లైనే వాడుతున్నాడు, మార్చమంటే తిట్టాడు. ఇంతకీ మామయ్య పోయాడంటగా, ఎలా?"

చదివి తల పట్టుకున్నాను. నల్ల అంచు కట్టిన మనిషి కొట్లోకి వెళ్ళి కూర్చుంటే తప్ప ఆ నల్ల అంచు తీసే దారి లేదు.

బాబాయ్‌కి చెప్పాను.

"ఇంకో దారి చూడు."

"లేదు బాబాయ్."

"నేను చచ్చినా అక్కడ అడుగు పెట్టను."

"పోనీ పాస్‌వర్డ్ నాకు చెప్పండి. నేను వెళ్ళి తీసేస్తాను."

"అది అంతకన్నా చెప్పను."

"ఎందుకు?"

"ఎందుకంటే చెప్పను, అంతే."

అంతే అన్నాక వాదించి లాభం లేని మనిషి. నాకు కోపం నషాళానికి అంటింది. లాప్‌టాప్ చంకన పెట్టుకుని, దుకాణం మూసేసి, కారు తీశాను. మలుపు మలుపుకీ ఆయన్ని తిట్టుకుంటూ కొండెక్కాను.

వెళ్ళేసరికి వంటింట్లో ఒక్కడే కూర్చుని ఎండు రొట్టె, ఆలివ్ కాయలు నములుతున్నాడు. పొయ్యి చల్లగా ఉంది. మాడిన పాలగిన్నె పొద్దుటిది అలాగే ఉంది. డెబ్బై దాటిన మనిషి గిన్నె ఎలా తోమాలో తెలియక దాంట్లో నీళ్ళు పోసి ఊరుకున్నాడు. అది చూశాక నేను దారి పొడుగునా కూడబెట్టుకున్న తిట్లన్నీ ఎక్కడికో పోయాయి.

"లేవండి" అన్నాను.

"ఎక్కడికి?"

"మీకు తెలుసు ఎక్కడికో. పిన్నిని ఇంటికి తెచ్చుకుందురుగాని."

కాసేపు ఆలివ్ గింజలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి ఈస్టర్‌కి తొడుక్కునే కోటు తొడుక్కుని, జుట్టుకి నీళ్ళు రాసుకుని వచ్చాడు. కిటికీలోంచి కనబడే కొట్టుకి వెళ్ళడానికి ప్రయాణమైన మనిషిని అదే మొదటిసారి చూడడం.

కూడలిలో నడుస్తుంటే ఆకుపచ్చ కుర్చీల వైపు పేకముక్కలు ఆగిపోయాయి. "ఏయ్ పొలిక్రోనిస్, దారి తప్పావ్!" అని ఎవరో అరిచారు. "శవం దగ్గరికి పోతున్నాడ్రా, పోనీండి" అని ఇంకొకడు. బాబాయ్ మెడ కోటులోకి పోయింది. సరిగ్గా కూడలి మధ్యకి వచ్చి ఆగిపోయాడు. వెనక్కి తిరుగుతాడేమోనని నేను మోచెయ్యి పట్టుకున్నాను.

"పట్టుకోకు" అన్నాడు. "అందరూ చూస్తున్నారు. నేనే నడుస్తా."

నీలం కుర్చీల కొట్లో పొద్దుటి నుంచీ జాతరలా ఉందట. తలుపు పక్కన పెద్ద పూలచక్రం ఆనించి ఉంది, ఎవరో పక్క ఊరి నుంచి పంపింది. మూల బల్ల దగ్గర నల్లబట్టల ముసలి దంపతులు బిగుసుకుని కూర్చున్నారు. సంతాపానికి వచ్చినవాళ్ళకి కాఫీ, బ్రాందీ, గట్టి బిస్కెట్లు ఇంటివాళ్ళు ఇవ్వాలి. పోయినవాడి ఇల్లు ఇదే కాబట్టి పోయినవాడే ఇస్తున్నాడు.

"దేవుడు ఆయన్ని క్షమించుగాక" అంది ముసలమ్మ, కప్పు అందుకుంటూ అలవాటుగా.

"క్షమిస్తాడులే అత్తా, ఇంకో బిస్కెట్ తీసుకో" అన్నాడు థ్రాసోస్ మామయ్య.

అప్పుడు గుమ్మంలో మమ్మల్ని చూశాడు. పళ్ళెం బల్ల మీద పెట్టాడు.

"అంథూలా!" అని లోపలికి కేక వేశాడు. "ఎవరొచ్చారో చూడు. హంతకుడు."

"నీతో మాట్లాడ్డానికి రాలేదు" అన్నాడు బాబాయ్, బూట్లకేసి చూస్తూ. "నీ ఇంటర్నెట్‌తో పని ఉండి వచ్చాను."

"నా ఇంటర్నెట్ పోయినవాళ్ళది బావా. దాన్ని ముట్టుకుంటే మైల."

పిన్ని వంటగది తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. చేతులు కట్టుకుంది. కళ్ళు వాచి ఉన్నాయి. బాబాయ్ తలెత్తి ఆమెని చూశాడు, ఆమె చూపు తిప్పుకుంది. నేను ఇక ఎవరినీ మాట్లాడనివ్వకుండా పాలరాతి బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, కొట్టు లైనుకి కలిపాను. ఎర్ర పేజీ రాలేదు. పేరు, పాస్‌వర్డ్ అడిగే గళ్ళు బుద్ధిగా ఎదురొచ్చాయి. కాపలావాడు లేచి దారి ఇచ్చాడు.

"ఇక కొట్టండి" అని కుర్చీ బాబాయ్‌కి ఇచ్చాను.

ఆయన చుట్టూ చూశాడు. పదిహేనుమంది దాకా కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. నల్లబట్టల ముసలాయన వినికిడి మిషన్ సవరించుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఈయన జబ్బు. పాస్‌వర్డ్ ఎందుకు చెప్పనన్నాడో తెలియదు గాని, ఈ గదిలో ఎందుకు చెమటలు పడుతున్నాయో మాత్రం తెలిసిపోయింది.

"మనసులో అనుకోండి బాబాయ్" అన్నాను మెల్లగా.

పెదాలు బిగబట్టి మొదలుపెట్టాడు. బుగ్గలు ఉబ్బాయి, వేలు పక్క మీట మీద పడింది. తప్పు. చక్కెర పొడిలో దొర్లించిన మిఠాయి ముక్క ఒకటి పళ్ళెంలోంచి తీసి నోట్లో కుక్కుకుని మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తప్పు. తెర మీద హెచ్చరిక వచ్చింది, ఇంకొక్కసారి తప్పితే ఈ లైను కూడా మూసేస్తానని.

"బాబాయ్, ఇదే ఆఖరు. ఇదీ పోతే సోమవారం దాకా దేవుడు కూడా తెరవలేడు."

ఆయన మిఠాయి మింగాడు. "అందరూ ఒక్క నిమిషం బయటికి వెళ్తారా?" అని అడిగాడు.

ఒక్కడూ కదల్లేదు. పైగా ఎవరో లేచి టీవీ కట్టేశారు.

"కొట్టవయ్యా" అంది పిన్ని తలుపు దగ్గర నుంచి. ఉదయం నుంచి ఆయనతో ఆమె అన్న మొదటి మాట అది. "అది ఎవరో నేనూ వింటాను."

బాబాయ్ కళ్ళు మూసుకుని తెరిచాడు. వేలు గాల్లో తిరిగింది.

"థీటా" అన్నాడు. "రో. ఆల్ఫా." తల వంచుకుని ఇంకా మెల్లగా, "సిగ్మా. ఓమిక్రాన్. సిగ్మా."

పిన్ని చేతులు విడిపోయాయి. "థ్రాసోస్?" అంది. "మా అన్నయ్య పేరా?"

కొట్లో నిట్టూర్పు ఒకటి అటు నుంచి ఇటు పాకింది. నల్లబట్టల ముసలమ్మ రుమాలు తీసింది. థ్రాసోస్ మామయ్య భుజం మీది గుడ్డ తీసి మళ్ళీ వేసుకున్నాడు, ఏం చెయ్యాలో తెలియక.

"అయిపోయింది కదా" అన్నాడు మామయ్య. "లే ఇక."

"అవ్వలేదు" అన్నాడు బాబాయ్ దిగులుగా. "ఇంకా ఉంది." వేలు మళ్ళీ లేచింది. "గామా. ఆల్ఫా. ఐయోటా. డెల్టా..."

నాలుగు అక్షరాలకే కొట్టు మొత్తానికి తెలిసిపోయింది. మిగతావి ఆయన అనకముందే వెనక బల్ల వాళ్ళు అందుకున్నారు. గైదరోస్! అంటే మా భాషలో గాడిద! థ్రాసోస్ గాడిద! తెర మీద సైట్ వెనకగది తలుపు తెరుచుకుంది. నవ్వులకి కప్పులు గలగలలాడాయి. ఆ ముసలమ్మ రుమాలుతో కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. థ్రాసోస్ మామయ్య ఒక్కడే నవ్వలేదు. బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"సైట్ పెట్టినప్పటి నుంచి. తొమ్మిదేళ్ళు."

"రోజూ కొడతావా?"

"రోజూ పొద్దున్నే. కాఫీ కన్నా ముందు."

మామయ్య భుజం మీది గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"అంటే తొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున్నే నా పేరు తలుచుకోనిదే నీ తలుపు తెరుచుకోలేదన్నమాట."

"తిట్టుకోనిదే" అని సరిదిద్దాడు బాబాయ్.

"ఏదో ఒకటిలే. మా ఆవిడ బతికున్నప్పుడు కూడా రోజూ తలుచుకోలేదు నన్ను."

బాబాయ్ తెర వైపు తిరిగాడు. ఆ రాత వెతికి, ఫోటో తీసేసి, పోయింది మెల్‌బోర్న్ థ్రాసివులోస్ అని ఒక్కో అక్షరం పైకి అంటూ రాశాడు. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. ఇంత గొడవలో నిజంగా పోయిన మనిషిని అందరూ మర్చిపోయారని అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు నలుగురు థ్రాసివులోస్‌లకీ కలిపి ఒకటే సైకిల్ ఉండేదని మామయ్య చెప్పాడు. అందరికీ బ్రాందీ పోశాడు. అందరం లేచి నిలబడి తాగాం.

బాబాయ్ కూర్చోబోతూ చూస్తే బల్ల మీద ఒక కాఫీ ఉంది. పెద్ద కప్పు, చక్కెర లేకుండా, మీద దట్టంగా నురగ. ఆయన ఎప్పుడూ తాగే తీరు. మా దగ్గర ఎవరైనా కాఫీ ఇప్పిస్తే కాదనడం ఉండదు. కాదంటే చెంపదెబ్బ కొట్టినట్టే.

"ఎవరు ఇప్పించారు?" అన్నాడు బాబాయ్.

"పోయినవాడు ఇప్పించాడు. తాగు."

తాగాడు. మామయ్య ఎదురు కుర్చీ లాక్కున్నాడు. పిన్ని వచ్చి మొగుడి కోటు మీద పడిన చక్కెర పొడి దులిపింది, అవసరమైన దానికన్నా గట్టిగా. "నా పేరు పెట్టుకుంటే నీ సొమ్మేం పోయేదయ్యా?" అంది.

"నిన్ను గాడిద అనలేను కదే" అన్నాడు ఆయన.

ఊరంతా విన్న పాస్‌వర్డ్ ఇక పనికిరాదని, మార్చి తీరాలని నేను పట్టుబట్టాను. మార్చాడు. అదీ కొట్టంతా విన్నది. థ్రాసోస్ పేరు అందులో అలాగే ఉంది. జంతువు మారింది.

ఇక నాకు మిగిలింది చిన్న పని. కాపలావాడి దగ్గర నమ్మకమైన చోట్ల వరసలో బాబాయ్ ఇంటి లైను కూడా చేర్చేస్తే, పిన్ని ఎన్ని పేర్లు కొట్టినా మళ్ళీ ఈ తిప్పలు ఉండవు. బావలిద్దరూ బోర్డు తెచ్చుకుని, ఆ పాచిక కదిలిందా కదల్లేదా అని మొదటి నుంచీ పోట్లాడుకుంటున్నారు. నేను ఇంటి లైను నంబర్ రాస్తుంటే పిన్ని పక్కన వచ్చి కూర్చుంది.

"ఏం చేస్తున్నావే?"

"ఇంట్లోంచి తెరుచుకునేలా చేస్తున్నాను పిన్నీ. ఇక బాబాయ్ ఇక్కడికి రానక్కర్లేదు."

ఆమె నా చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది. పిండి అంటిన చెయ్యి. వాళ్ళిద్దరి వైపు ఒకసారి చూసింది. బాబాయ్ పాచికలు విసిరి చేతులు రెండూ పైకెత్తాడు, ముట్టుకోలేదు చూసుకో అన్నట్టు.

"పద్దెనిమిదేళ్ళుగా మా అన్నయ్య ఇంటికి ఏ పండక్కెళ్ళినా నేను ఒక్కదాన్నే వెళ్తున్నాను" అంది. "రాయకు."

రాయలేదు. రాయకపోవడమే కాదు, ఇక ముందు ఏ రోజైనా సరే నీలం కుర్చీల కొట్టు నుంచి మాత్రమే లోపలికి రావాలని ఇంకో నియమం కూడా చేర్చాను. నా వృత్తిలో అలాంటి పని చెయ్యకూడదు. చేశాను.

మర్నాడు బస్సు దిగినవాళ్ళు ఏడవడానికి వచ్చి, బతికున్నవాడి చేతి కాఫీ తాగి, పోయినవాడికి ప్రార్థన చేసి వెళ్ళారట. పిన్ని శనివారం సాయంత్రమే ఇంటికి వెళ్ళి ఆ పాలగిన్నె తోముకుంది.

అక్టోబర్‌లో, వాల్‌నట్లు రాలే రోజుల్లో, బాబాయ్ ఫోన్ చేశాడు.

"తల్లీ, ఇంట్లో ఇంకా ఆ అనుమతి లేదనే పేజీ వస్తోందే. రోజూ పొద్దున్నే కోటు తొడుక్కుని ఇక్కడికి రావలసి వస్తోంది. నీకు చేతకాకపోతే చెప్పు, వేరేవాళ్ళని పిలుస్తా."

"చాలా మొండి తప్పు బాబాయ్. చూస్తూనే ఉన్నాను. టైం పడుతుంది."

"ఎంత టైం?"

అవతల బోర్డు మీద పాచికలు దొర్లిన చప్పుడు వినబడింది. దాని వెనక థ్రాసోస్ మామయ్య గొంతు:

"ఆ పిల్లని విసిగించకు బావా, దాని పని దాన్ని చేసుకోనీ. నీ వంతు. వెయ్యి. కదపకుండా వెయ్యి."